వరుస చివర చోటు

పోయిన వారం తూనీగ తల్లిని స్కూలు మెట్ల మీద, చేతిలో రెండు ఫారాలతో, కడుపులో బోలెడంత కోపంతో వదిలేసి వచ్చాం. కొత్తగా చదివేవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పి ఆవిడ వెనకాలే లోపలికి వెళదాం.

తూనీగకి తొమ్మిదేళ్ళు. ఒక్కచోట వాలదని తాతయ్య పెట్టిన ముద్దు పేరు అది. తల్లి రెడీమేడ్ బట్టల కొట్లో కొలతలు సరిచేసే దర్జీ. తండ్రి లిఫ్టు మెకానిక్. తాతయ్య ముప్పై అయిదేళ్ళ పాటు దుకాణాలకి బోర్డులు రాసి, మోకాళ్ళు నిచ్చెన ఎక్కనివ్వక ఇంటిపట్టున ఉన్న మనిషి. తూనీగ ఏ పనీ చివరిదాకా చెయ్యదు. చెప్పులు ఒకటి తొడుక్కుని రెండోది మర్చిపోతుంది. లెక్క సగంలో ఉండగా కిటికీ బయటికి వెళ్ళిపోతుంది, మనిషి కుర్చీలో ఉండగానే. తిడితే ఏడుస్తుంది, ఏడిచి మళ్ళీ అదే చేస్తుంది. "అమ్మా, నేను కావాలని చెయ్యట్లేదు" అని ఒక రోజు అన్నప్పటి నుంచి తల్లికి నిద్ర పట్టడం మానేసింది.

మొదట చూపించిన డాక్టరు రెండు నిమిషాలు చూసి టీవీ కట్టేయమన్నాడు. రెండో ఆయన, తల్లి ఉద్యోగం మానితే అంతా సర్దుకుంటుందన్నాడు. మూడో ఆవిడ పిల్లల మానసిక వైద్యురాలు. ఈవిడ ముందు చెవులు, కళ్ళు పరీక్ష చేయించింది, నిద్ర గురించి అడిగింది, తర్వాత ఇంటికొకటి, స్కూలుకొకటి ఫారం ఇచ్చింది. రెండింటిలోనూ అవే పద్దెనిమిది ప్రశ్నలు. ఇంటి ఫారంలో తల్లి దాదాపు అన్నిటికీ 'చాలా తరచుగా' అన్న గడిలో టిక్కు పెట్టింది. స్కూలు ఫారంలో క్లాసు టీచరు దాదాపు అన్నిటికీ 'ఎప్పుడూ లేదు' అని పెట్టింది.

"ఇంట్లో ఒక పిల్ల, స్కూల్లో ఇంకో పిల్ల కనిపిస్తోందమ్మా" అంది డాక్టరు. "నేను అనుకుంటున్న ఏకాగ్రత లోపమే అయితే అది రెండు చోట్లా కనిపించాలి. ఎవరో ఒకళ్ళు సరిగ్గా చూడట్లేదు. ఎవరో తేల్చుకుని రండి. నేను ఊహించి రాయను."

ఈ డాక్టరు మీద మీలో కొందరికి కోపం వచ్చే ఉంటుంది. నాకు రాలేదు. పిల్లకి ఒక పేరు తగిలించే ముందు రెండుసార్లు చూసే మనిషి దొరకడమే అదృష్టం. కాకపోతే టైం లేదు. రేపు గురువారం పది గంటలకి డాక్టరు దగ్గర మళ్ళీ కూర్చోవాలి. ఎల్లుండి స్కూల్లో హెడ్మిస్ట్రెస్ తూనీగని ఒక క్లాసు కిందికి దించాలా వద్దా అన్నది తేలుస్తుంది. ఈలోగా ఇంట్లో మొగుడుగారి వాదన ఒకటుంది. పిల్లకి ఏ జబ్బూ లేదు, తన వంశంలోనే లేదు, కావాలంటే చూసుకోమని ఇనప్పెట్టెలోంచి తన మూడో క్లాసు నోటుబుక్కు, ఆ ఎర్రట్టది, తీసి టేబులు మీద పడేశాడు. 'కుటుంబంలో ఇంకెవరికైనా ఇలాంటి ఇబ్బంది ఉందా?' అని ఇంటి ఫారం చివర విడిగా ఉన్న ప్రశ్నకి 'లేదు' అని రాసిందీ ఆయనే, పెన్ను నొక్కిపట్టి.

ఇక స్టాఫ్ రూములోకి వెళదాం.

క్లాసు టీచరు పుస్తకాలు దిద్దుకుంటోంది. మెడలో తాడుకి వేలాడే కళ్ళజోడు, వేళ్ళకి సుద్దపొడి, పక్కన మూత పెట్టిన టిఫిన్ డబ్బా. మధ్యాహ్నం రెండయినా ఇంకా తినలేదని తెలుస్తూనే ఉంది.

"మేడమ్, ఈ ఫారం నింపింది మీరేనా?"

"నేనేనమ్మా. కూర్చోండి."

తల్లి కూర్చోలేదు. "పద్దెనిమిదింటికీ 'ఎప్పుడూ లేదు' అని పెట్టారు. పోయిన నెల్లో మా పిల్ల మూడుసార్లు బ్యాగు ఇక్కడే వదిలేసి ఇంటికొచ్చింది. పెన్సిల్ కాదు మేడమ్, బ్యాగు."

"పద్దెనిమిదింటికీ కాదు, పదహారింటికి" అంది టీచరు. "వస్తువులు పారేసుకుంటుందనీ, కిటికీలోంచి చూస్తూ ఉంటుందనీ ఒప్పుకున్నాను. అవి ఏ పిల్లలు చెయ్యరు చెప్పండి?"

"డాక్టరుగారు ఈ కాగితం చూసే మమ్మల్ని వెనక్కి పంపారు. మీరొక్క నిమిషం ఆలోచించి రాసి ఉంటే..."

"ఆలోచించే రాశానమ్మా." టీచరు గొంతు పెరగలేదు, కానీ ఎర్ర పెన్నుకి మూత పెట్టేసింది. "నా క్లాసులో నలభై రెండు మంది. ఒక్కొక్కళ్ళ మొహం చూస్తూ కూర్చునే వీలు నాకు లేదు. నేను చూసేది పుస్తకాలు. రండి, మీరే చూడండి."

బీరువా తీసి తూనీగవి నాలుగు హోంవర్కు నోటుబుక్కులు తెచ్చి ఆవిడ ముందు పరిచింది. ఒక్కో పేజీ తిప్పుతూ పోయింది. చెప్పిన పని అంతా ఉంది. ఒక్క ప్రశ్న వదిలిపెట్టలేదు, ఒక్క లెక్క సగంలో ఆగలేదు. పక్కన ఎర్ర సిరాతో 'బాగుంది', 'చాలా బాగుంది', ఒకచోట 'శభాష్'.

"శ్రద్ధ లేని పిల్ల పుస్తకమేనా ఇది?"

తల్లి ఇంకో పేజీ తిప్పింది.

"నా బాధల్లా వేరే" అంది టీచరు. "పరీక్ష పెడితే సగం పేజీ ఖాళీగా ఇచ్చేస్తుంది. ఇంటి దగ్గర ఇంత చక్కగా రాసుకొచ్చే పిల్లకి ఇక్కడ రాయడానికి ఏమొచ్చింది? తెలియక కాదు కదా. మొండితనం. మా పెద్దమేడమ్‌కి కూడా అదే చెప్పాను. ఇంకో సంగతి మీకు చెప్పలేదు. ఒకటి రెండుసార్లు..." పెన్ను మూత తీసి మళ్ళీ పెట్టింది. "నాలుగుసార్లు. పరీక్ష పూర్తి చేసేదాకా లోపలికి రావద్దని వరండాలో నిలబెట్టాను."

మామూలుగా అయితే ఈ మాటకి తల్లి కుర్చీ ఎత్తి కొట్టి ఉండేది. మనకి ఆవిడ సంగతి తెలుసు, పోయిన నెలలో ఆ రెండో డాక్టరుకి పెట్టిన గడ్డి ఇంకా మర్చిపోలేదు. కానీ ఈసారి ఆవిడ వినిపించుకున్నట్టే లేదు. సోషల్ నోటుబుక్కు చేతిలోకి తీసుకుని ఒకే పేజీని చూస్తూ ఉండిపోయింది.

దర్జీకి ఒక అలవాటు ఉంటుంది. బట్ట ఎంత బాగున్నా తిరగేసి లోపలి కుట్టు చూస్తుంది. ఎవరు కుట్టారో పైన తెలియదు, లోపల తెలుస్తుంది.

"మేడమ్, దాని పరీక్ష కాగితం ఒకటి ఉంటే ఇస్తారా?"

టీచరు కట్టలోంచి ఒకటి లాగి ఇచ్చింది. తల్లి రెండింటినీ పక్కపక్కన పెట్టింది. అక్షరాలు అవే. అదే పక్కకి వాలడం, అవే పెద్ద సున్నాలు, కొమ్ములు అలాగే పైకి లేచిపోవడం. తూనీగ రాతే అని ఎవరైనా ప్రమాణం చేస్తారు. కానీ పరీక్ష కాగితంలో ప్రతి వరుసా పెద్ద అక్షరాలతో ధీమాగా మొదలై, చివరికి వచ్చేసరికి చోటు చాలక ఇరుకున పడుతోంది. చివరి రెండు అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి, కొన్నిచోట్ల అంచు పట్టుకుని కిందికి జారుతున్నాయి. నోటుబుక్కులో ఒక్క వరుస కూడా అలా లేదు. పై నుంచి కింది దాకా ప్రతి వరుసా అంచుకి వేలెడు దూరంలో ఆగింది.

రాయబోయే ముందు చోటు కొలుచుకునే మనిషి ఆ ఇంట్లో ఒక్కరే ఉన్నారు. కొత్తగా కాపురానికి వచ్చిన రోజుల్లో ఆవిడ నిచ్చెన కింద రంగు డబ్బా పట్టుకుని నిలబడి మామగారి పని చూసేది. ముందు అక్షరాలు లెక్కపెట్టేవాడు, తర్వాత చోటు పంచేవాడు, ఆ తర్వాతే కుంచె ముంచేవాడు. "రాయడం ఎవడైనా రాస్తాడమ్మా, చివర చోటు మిగిలేలా రాయడమే మా పని" అనేవాడు. ఎవరి అక్షరాన్నయినా ఒకసారి చూస్తే చాలు, అలాగే దింపేవాడు.

ఆవిడ అప్పుడు కుర్చీలో కూర్చుంది.

"మేడమ్, ఇది మా పిల్ల రాసింది కాదు."

టీచరు కళ్ళజోడు పెట్టుకుంది. కాగితాన్నీ పుస్తకాన్నీ చాలాసేపు చూసింది. "మీరు రాశారా?"

"నేను కాదు. ఎవరో తెలుసు." ఆ మాట అనడానికి ఆవిడకి ఎంత సిగ్గేసిందో చెప్పలేను. అడగడానికి వచ్చిన మనిషి దోషిలా తల వంచుకుంది. "మిమ్మల్ని అనాలనే వచ్చాను. తప్పు మా ఇంట్లోనే ఉంది."

పక్క గదిలో పిల్లలు ఎక్కాలు చదువుతున్నారు. టీచరు ఫారం మీది టిక్కుల్ని ఒక్కొక్కటే వేలితో తడుముకుంటూ పోయింది. "అయితే నేను వరండాలో నిలబెట్టింది..." అని ఆపేసింది. తర్వాత సొరుగులోంచి ఒక తెల్ల కాగితం తీసింది.

"ఈ చివరి రెండు పీరియడ్లూ దాని పక్కనే కూర్చుంటాను. ఇంతకుముందు దిద్దిన పరీక్ష కాగితాలన్నీ మళ్ళీ చూస్తాను. రేపు పొద్దున ఎనిమిదింటికి రండి, నేను చూసిందే రాసిస్తాను. మీ పిల్లకి అనుకూలంగా రాస్తానని మాత్రం అనుకోకండి."

"అనుకూలంగా వద్దు మేడమ్. ఉన్నది రాయండి చాలు."

సోషల్ నోటుబుక్కూ, పరీక్ష కాగితమూ అడిగి తీసుకుని ఆవిడ కొట్టుకి వెళ్ళింది. ఒక పంట్లాం పొడుగు తగ్గించింది, రెండు జాకెట్ల చంకలు వదులు చేసింది. అయిదింటికి యజమానితో తలనొప్పని చెప్పి బయటపడింది. రోజూ ఏడింటికి గానీ ఇల్లు చేరని మనిషి ఆవేళ అయిదున్నరకే తలుపు తోసింది.

మామగారు వంటింటి టేబులు దగ్గర ఉన్నారు. ముందు సైన్సు నోటుబుక్కు తెరిచి ఉంది, చేతిలో తూనీగ పెన్సిల్. తూనీగ నేల మీద కూర్చుని బట్టల క్లిప్పులన్నీ ఒకదానికొకటి తగిలించి పొడుగాటి గొలుసు చేస్తోంది. ఎంత ఒళ్ళు మరిచి చేస్తోందంటే తల్లి వచ్చినట్టే చూడలేదు.

మామగారు చూశారు. పుస్తకం మూయబోయి, అది కూడా చేతకాక, అలాగే ఉండిపోయారు.

కోడలు సంచీలోంచి నోటుబుక్కు, పరీక్ష కాగితం తీసి ఆయన ముందు పెట్టింది. అరవలేదు. అరుస్తుందనుకున్న ఆ పెద్దమనిషికి అందుకే ఎక్కువ భయం వేసింది.

"ఎప్పట్నుంచి మామయ్యా?"

"రెండో క్లాసు చివర్నుంచి."

"రోజూనా?"

"రోజూ కాదమ్మా. అది వదిలేసినంత వరకే." పెన్సిల్ బల్ల మీద పెట్టి దొర్లిపోకుండా వేలు అడ్డం పెట్టారు. "సగం రాసి లేచిపోయేది. మళ్ళీ కూర్చోబెడితే ఏడ్చేది. ఏడ్చి ఏడ్చి ఆ పుస్తకం మీదే నిద్రపోయేది. నువ్వు కొట్లో ఉంటావు, వాడు ఏ లిఫ్టు గుంటలోనో ఉంటాడు. చూసేవాణ్ణి నేనొక్కణ్ణే కదా. చూడలేకపోయాను."

"నాకు చెప్పొచ్చు కదా."

"చెప్తే కూర్చోబెట్టి రాయిస్తావని."

అది నిజమే. ఆవిడ కాదనలేదు. కానీ చెప్పవలసిన మాట చెప్పకుండా ఊరుకోవడం కూడా ఆవిడ వల్ల కాలేదు.

"మామయ్యా, మీరు ప్రేమతోనే చేశారు. అందులో నాకు అనుమానం లేదు. కానీ ఆ టీచరు మీ పేజీలు చూసి, ఇంత రాయగలిగిన పిల్ల పరీక్షలో రాయదంటే పొగరని అనుకుంది. నాలుగుసార్లు దాన్ని వరండాలో నిలబెట్టింది. కింది క్లాసుకి దించేస్తామంటున్నదీ అందుకే. డాక్టరు మమ్మల్ని వెనక్కి పంపిందీ అందుకే. దానికి నిజంగా ఏం కష్టముందో చూద్దామని అందరూ వంగి చూస్తుంటే, మీరు పైన రంగు పూసేశారు."

పెద్దాయన మొహం పాలిపోయింది. నెమ్మదిగా కుర్చీ తిప్పి మనవరాలి వైపు చూశారు.

"నిన్ను నిలబెట్టారా తల్లీ?"

క్లిప్పుల గొలుసు ఆగింది. "ఊఁ."

"నాకు చెప్పలేదేం?"

తూనీగ ఒక క్లిప్పు ఊడదీసి మళ్ళీ తగిలించింది. "చెప్తే పరీక్ష కూడా నువ్వే వచ్చి రాస్తానంటావని."

ఇంకో రోజయితే ముగ్గురూ నవ్వేవాళ్ళు. ఆ పెద్దాయన పెదాలు కదిలాయి గానీ అది నవ్వు కాలేదు. రెండు అరచేతులూ మొహం మీద పెట్టుకున్నారు. గోళ్ళ అంచుల్లో ఎప్పటిదో నీలం రంగు ఇంకా ఉంది, ఎంత కిరసనాయిలు రుద్దినా పోనిది.

తాతయ్య ఏడుస్తున్నాడని తూనీగకి అర్థమైంది. లేచి వచ్చి ఆయన మోచేతిని పట్టుకుని, తల్లి మీదకి తిరిగింది. "తాతయ్యని తిట్టకమ్మా. నా ఒక్కదానికే కాదు రాసింది. నాన్నకీ రాసేవాడంట."

తల్లి వంగి కూతురి మొహంలోకి చూసింది.

"ఏంటి తల్లీ?"

"నాన్న చిన్నప్పుడు. నాన్నకీ నాలాగే హోంవర్కు అయిపోయేది కాదంట. అప్పుడు తాతయ్య రాసేవాడంట. నాన్నకి ఏమీ కాలేదు కదా, నీకూ కాదులే అన్నాడు." తాతయ్య వైపు చూసి నాలుక కరుచుకుంది. "చెప్పొద్దన్నాడు. మర్చిపోయా."

తల్లి ముందు గదిలోకి వెళ్ళింది. మొన్న మొగుడు పడేసిన ఎర్రట్ట నోటుబుక్కు ఇంకా టీవీ పక్కనే ఉంది. తెరిచి చూడాలని ఆవిడకి అప్పుడు అనిపించలేదు, ఇనప్పెట్టెలో దాచుకున్నదాన్ని ఎవరు అనుమానిస్తారు? తెచ్చి టేబులు మీద, కూతురి పుస్తకం పక్కన తెరిచింది. కాగితం పచ్చబడింది. అక్షరాలు వేరే, నిటారుగా, కొంచెం పెద్దవి. కానీ ప్రతి వరుసా అంచుకి వేలెడు దూరంలో ఆగింది.

"మూడూ, నాలుగూ, అయిదూ క్లాసులకి నేనే రాశాను" అన్నారు మామగారు, అడగకుండానే. "మేస్టారు వాణ్ణి గాడిద అనేవాడు, అందరి ముందూ. నేను చదివింది అయిదు. ఆరో క్లాసు పాఠాలు నాకు అర్థం కాలేదు. రాయడం మానేశాను." పచ్చబడ్డ పేజీ మీద చెయ్యి వేశారు. "ఆ ఏడే వాడు తప్పాడు. ఆటల్లో పడి చెడిపోయానని ఇప్పటికీ అందరికీ చెప్పుకుంటాడు. నేను కాదనలేదు. ఏమని కాదంటాను?"

ఆవిడకి మొగుడి చొక్కా జేబు గుర్తొచ్చింది. రోజూ పొద్దున్నే అందులో ఏడెనిమిది చీటీలు ఉంటాయి. ఫలానా బిల్డింగు, ఫలానా అంతస్తు, తాళం తిరిగి ఇవ్వాలి, పాలు తేవాలి, పిల్లని దింపాలి. పన్నెండేళ్ళుగా ఉతికే ముందు ఆ చీటీలు తీసి పక్కన పెడుతూ, మనిషికి ఎంత క్రమశిక్షణ అనుకునేది. అవి లేకపోతే ఆయన రోజు నడవదేమో అని ఒక్కసారి కూడా తట్టలేదు. ఆవిడకి మొగుడి మీద ఇన్నాళ్ళూ ఉన్న కోపం పోలేదు గానీ, దాని పక్కనే జాలి కూడా వచ్చి కూర్చుంది. రెండింటినీ ఏం చేసుకోవాలో తెలియలేదు.

అప్పుడే మెట్ల మీద పనిముట్ల సంచీ చప్పుడయింది.

ఆయన లోపలికి వస్తూనే "ఏంటి, అందరూ ఇక్కడే ఉన్నారు?" అన్నాడు. చేతుల గ్రీజు గుడ్డకి తుడుచుకుంటూ టేబులు దగ్గరికి వచ్చి చూశాడు. ముందు కూతురి పుస్తకం, తర్వాత పరీక్ష కాగితం, తర్వాత ఎర్రట్టది. చేతులు తుడుచుకోవడం ఆగిపోయింది.

"నాన్నా" అన్నాడు తండ్రితో, చాలా మెల్లగా. "ఎవరికీ చెప్పనన్నావు."

అంటే ఆయనకి గుర్తుంది. ఎప్పుడూ మర్చిపోలేదు. తనది కాని రాతని ఇనప్పెట్టెలో దాచుకుని, అదే సాక్ష్యమని పెళ్ళాం ముందు పడేసినప్పుడు కూడా ఆయనకి తెలుసు.

"నేను చెప్పలేదురా" అన్నారు పెద్దాయన. "అక్షరాలు చెప్పాయి."

భార్య ఇంటి ఫారం సంచీలోంచి తీసింది. ఇవ్వాలా వద్దా అని తేల్చుకోక చేతిలోనే పట్టుకుంది. "రేపు పది గంటలకి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి" అంది. "స్కూలు టీచరు తను చూసిందే రాసిస్తానంది. మనం కూడా ఉన్నదే రాయాలి. మీరు ఇందులో 'లేదు' అని రాశారు."

"రాశాను."

"నాకు మిమ్మల్ని తప్పుపట్టాలని లేదు. దానికి ఏముందో తెలియాలి, అంతే. తెలియకపోతే అది ఆ వరండాలోనే నిలబడుతుంది."

ఆయన గ్రీజు గుడ్డ భుజం మీద వేసుకున్నాడు. పెళ్ళాన్ని చూడలేదు, తండ్రిని చూడలేదు. తూనీగ పరీక్ష కాగితం ఒక్కటే చేతిలోకి తీసుకున్నాడు. అంచు దగ్గర ఒకదాని మీద ఒకటి ఎక్కిన అక్షరాల మీద బొటనవేలు ఆగింది. వేలి గ్రీజు కాగితానికి అంటింది, చూసుకోలేదు.

తూనీగ ఆయన పక్కకి వచ్చి నిలబడి, తను కూడా ఆ కాగితంలోకి తొంగి చూసింది.

"నాన్నా, నీకూ చివర చోటు సరిపోయేది కాదా?"

ఆయన కాగితం టేబులు మీద పెట్టాడు. జేబులో చీటీల వెనక ఉన్న పెన్ను తీశాడు, మళ్ళీ జేబులోనే పెట్టాడు. ఆ తర్వాత ఖాళీ చెయ్యి భార్య వైపు చాచాడు.

"ఆ ఫారం ఇటివ్వు" అన్నాడు.

దిద్దడానికో, చింపడానికో ఆ గొంతులో తెలియలేదు. ఆవిడ ఒక్క క్షణం కాగితం వదల్లేదు. తర్వాత వదిలేసింది.